మన్ననూరు ఘాట్‌లో మిస్సింగ్ కొట్టిన బండి, నాలుగేళ్లుగా వాడుతున్న ఓబీడీ స్కానర్

తొమ్మిది వందల రూపాయలు పెట్టి కొన్న ఈ రకం బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌ని 2021 నుంచి వాడుతున్నాను. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే ఇంజిన్ కంప్యూటర్ రాసిపెట్టుకున్న కోడ్లు కనిపిస్తాయి. మా బండి 2016 పెట్రోలు మోడల్, నాలుగు సిలిండర్లు, ఇప్పటికి లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. మేముండేది కల్వకుర్తిలో, అక్క వాళ్లది అమ్రాబాద్. నెలకు రెండుసార్లైనా మన్ననూరు ఘాట్ ఎక్కాల్సిందే. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియని పికప్ లోపం ఆ ఎత్తు మీద దాగదు.

2021 వేసవిలో అమ్మను తీసుకుని బయల్దేరాను. డిండి దాటేదాకా బండి బాగానే ఉంది. ఘాట్ మొదలైందో లేదో మిస్సింగ్, అంటే సిలిండర్‌లో మంట తప్పడం, మొదలైంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగదు, బండి మొత్తం వణుకుతోంది, ఇంజిన్ లైట్ వెలిగి ఆరుతోంది. ఏసీ ఆపేసి, వెనక బస్సు హారన్ కొడుతుంటే రెండో గేర్‌లో ఎలాగో పైకి చేర్చాను. తర్వాత ఒక షెడ్డులో చూపిస్తే నాలుగు ప్లగ్గులూ మార్చారు. తగ్గలేదు. ఇంజెక్టర్లు క్లీన్ చేశారు. తగ్గలేదు. పెట్రోల్ పంపు పోయిందన్నారు, అదీ మార్పించాను. రెండు నెలలు, పదకొండు వేలు పోయాయి. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది, వేడెక్కి ఎత్తు తగిలితే మళ్లీ అదే వణుకు. ఇంత జరిగినా అక్కడ ఒక్కరూ కోడ్ చదవలేదు. ఆ కోపంతోనే స్కానర్ తెప్పించుకున్నాను.

పెట్టిన మొదటి రోజే పి0303 అని చూపించింది. మంట తప్పినప్పుడు పడే ఈ కోడ్లలో చివరి అంకె సిలిండర్ నంబరు. పి0301 అంటే మొదటిది, పి0304 అంటే నాలుగోది. పి0300 వస్తే ఫలానా సిలిండర్ అని లేకుండా అక్కడక్కడా మంట తప్పుతోందని అర్థం. మూడో సిలిండర్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందని తేల్చేసుకుని కొత్తది తెప్పించబోయాను. మాకు తెలిసిన మెకానిక్ చాచా ఆపాడు.

“ఆగు బేటా. మూడోదాని కాయిల్ తీసి రెండోదానికి పెట్టు, రెండోదానిది ఇటు పెట్టు. కోడ్ దాని ఎంబడి పోతదా లేదా చూద్దాం.”

మార్చి, పాత కోడ్ చెరిపేసి, వంగూరు గేటు దాకా పోయి వచ్చాం. ఈసారి పి0302 వచ్చింది. కోడ్ కాయిల్ వెంట కదిలింది కాబట్టి దోషం కాయిల్‌దే. పంతొమ్మిది వందలతో పని అయిపోయింది. కోడ్ మూడు దగ్గరే నిలిచి ఉంటే ప్లగ్గు మార్చి చూడాలి, తర్వాత ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్. ఘాట్‌లోనే ఎందుకు కొట్టేదో కూడా చాచానే చెప్పాడు. లోడు మీద సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. వేడికి ఇన్సులేషన్ దెబ్బతిన్న కాయిల్ అంత ఇవ్వలేదు. షెడ్డు ముందు నిలబెట్టి రేజ్ చేసి చూస్తే ఇది దొరకదు.

కోడ్ల కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె. ఆక్సిజన్ సెన్సార్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోలు ఎంత కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో ఇది శాతంలో చూపిస్తుంది. షార్ట్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ (కొంతకాలంగా నిలిచిన సవరణ) రెండూ కలిపి అటూ ఇటూ పది లోపు ఉంటే నేను పట్టించుకోను. 2023 వానాకాలంలో బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా కొట్టుకునేది. పి0300, దాంతో పాటు పి0171, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఐడిల్‌లో ట్రిమ్ +22. ఇంజిన్‌ని 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే +6కు దిగింది. ఇలా దిగిందంటే లెక్కలోకి రాని గాలి ఎక్కడి నుంచో లోపలికి పోతోందన్నమాట. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే తక్కువ కాబట్టి చిన్న లీకైనా పెద్ద వాటా అవుతుంది, వేగం పెరిగితే అదే లీకు లెక్కలో కలిసిపోతుంది. బానెట్ తెరిచి చెవి పెడితే సన్నగా బుస్సుమంటోంది. ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి దారిలోకి పంపే పీసీవీ గొట్టం మలుపు దగ్గర పగిలి ఉంది. గొట్టం రెండు వందల యాభై. ఎత్తు ఎక్కేటప్పుడు ట్రిమ్ పెరుగుతుంటే మాత్రం లీకు కాదు, పంపు, ఫిల్టర్ వైపు చూడాలి.

ఇక ఈ పరికరం లోపాలు. నేను కొన్న మొదటిది మూడు నెలలకే ఫోన్‌తో కలవడం మానేసింది, ఇప్పుడున్నది రెండోది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు మా బండిలో చదవదు. తీయడం మరిచి వారం రోజులు ఊరెళ్తే బ్యాటరీ దిగిపోయింది. ఐఫోన్ ఉన్నవాళ్లు పాత రకం బ్లూటూత్‌ది కొనొద్దు, అది కలవదు. ఎవరు వాడినా ఒక జాగ్రత్త తప్పనిసరి. కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, లోడు ఎంతో అందులో ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి.

నిరుడు జరిగినదాన్ని మాత్రం స్కానర్ నేరుగా చెప్పలేకపోయింది. మిస్సింగ్ లేదు, ఇంజిన్ లైట్ లేదు, ఒక్క కోడ్ కూడా లేదు. కానీ బండి రోజురోజుకూ లాగడం తగ్గింది, హైవే మీద ఎనభై దాటడానికి కష్టపడేది. లైవ్ డేటాలో ఇన్‌టేక్ ప్రెషర్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని ఒత్తిడి, చూస్తే ఐడిల్‌లో 48 కిలోపాస్కల్, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. 2500 దగ్గర పట్టి ఉంచితే మెల్లగా ఇంకా పైకి పాకుతోంది. పొగ బయటికి పోవడానికి దారి సరిపోవడం లేదని చాచాకు అనుమానం వచ్చింది. ముందున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజీ బిగించాడు. 2500 దగ్గర మూడు పీఎస్‌ఐ దాటితే అడ్డు ఉన్నట్టే, మాది ఆరు చూపింది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ విప్పి టార్చి వేస్తే లోపలి తేనెపట్టు లాంటి గళ్లు ఒక పక్క కరిగి ముద్దయ్యాయి.

ఆ ముద్ద 2021 నాటిదేనని చాచా అంచనా, నాకూ అదే నిజమనిపిస్తోంది. లైట్ వెలిగి ఆరుతోందంటే కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని హెచ్చరిక. నిలకడగా వెలిగే లైటుతో మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు. వెలిగి ఆరే లైటుతో యాక్సిలరేటర్ తొక్కకూడదు, పక్కకు ఆపాలి. ఆ తేడా అప్పుడు తెలియక రెండు నెలలు నడిపాను. కన్వర్టర్‌కు ముప్పై వేలు దాటింది.

మార్చిన రోజు ఇంజిన్ బాగా వేడెక్కాక అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టాను. ఐడిల్‌లో ప్రెషర్ 34, లాంగ్ ట్రిమ్ +3. హాజీపూర్ చౌరస్తాలో టీకి ఆగినప్పుడల్లా ఆ కాగితం పక్కన పెట్టుకుని ఒకసారి చూస్తాను. పోయిన ఆదివారం 35 ఉంది.