సెల్ఫ్ తిరుగుతోంది, ఆర్‌పీఎం సున్నా: మూడేళ్ళు వాడిన ఓబీడీ స్కానర్ గురించి నా మాట

ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే పసిగట్టే ఏర్పాటు. అది చెప్పేదాన్ని ఫోనులో చూపించే అగ్గిపెట్టెంత బ్లూటూత్ ముక్క ఈ స్కానర్, స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చేది. ఎలా ఉంటుందో, ఏ ఫోనుతో కలుస్తుందో, ఏ యాప్ బాగుంటుందో ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఆ వివరాల జోలికి పోను. 2022 మే నెలలో 900 రూపాయలు పెట్టి కొన్న ఈ స్కానర్ గురించి ఇంత రాయడం ఒక్క అంకె కోసం. తాళం తిప్పి సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఫోను తెర మీద కనిపించే ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే అంకె. కోడ్లు (బండి నమోదు చేసుకున్న తప్పుల సంకేతాలు) చదవడం, డ్యాష్‌బోర్డు మీది చెక్ లైటు ఆర్పడం లాంటివన్నీ నా దృష్టిలో దాని తర్వాతే. ఆ అంకెను రెండు నెలల ముందే చూసి ఉంటే మాకు 11,400 రూపాయలూ, నడిరోడ్డు మీద పడిన భయమూ తప్పేవి.

నాది 2014 నాటి పెట్రోలు కారు. అప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆ ఏడాది మా నాన్నగారిని గుండె పరీక్షలకు నెలకోసారి విజయవాడ నుంచి హైదరాబాద్ తీసుకెళ్ళాల్సి వచ్చేది. మార్చి నెలలో తిరిగి వస్తూ నందిగామ సమీపిస్తుండగా, 80 వేగంలో, ఇంజిన్ ఆగిపోయింది. కుదుపు లేదు, దగ్గు లేదు. ఎవరో పక్కనుంచి తాళం తీసేసినట్టు ఆగింది. బండి ఇంకా ఐదో గేరులోనే దొర్లుతోంది, వేగం ముల్లు 70 మీద ఉంది, కానీ ఆర్‌పీఎం ముల్లు అప్పటికే సున్నా మీద పడి ఉంది. చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉన్నప్పుడు ఆ ముల్లు సున్నా చూపించడానికి వీల్లేదు. భౌతికశాస్త్రం టీచర్నై ఉండి కూడా ఆ క్షణంలో దాని అర్థం నాకు తట్టలేదు. రోడ్డు పక్కకు తీసి సెల్ఫ్ కొడితే హుషారుగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. అరగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్టయింది.

మర్నాడు సర్వీసు సెంటర్‌లో వాళ్ళ యంత్రం పెట్టి చూసి కోడ్ ఏమీ లేదన్నారు. రెండు రోజులు ఉంచుకున్నారు. వాళ్ళ దగ్గర కూడా ఒకసారి ఆగిందట. అప్పుడు సెల్ఫ్ కొడుతుంటే పెట్రోలు పంపు తిరగడం లేదని గమనించి, పంపు మార్చారు. 6,800 రూపాయలు. ఏప్రిల్‌లో సూర్యాపేట దాటాక మళ్ళీ అదే తంతు. ఈసారి బ్యాటరీ బలహీనంగా ఉందన్నారు. 4,600.

వాళ్ళు చూసింది అబద్ధం కాదు. పంపు నిజంగానే తిరగలేదు. కానీ ఎందుకు తిరగలేదో ఎవరూ అడగలేదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు సన్నగా జుయ్‌మని వినిపించేది పంపు చప్పుడే. ఆ తర్వాత అది తిరుగుతూ ఉండాలంటే ఇంజిన్ తిరుగుతోందన్న కబురు ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపించే బండి కంప్యూటర్‌కు, అందాలి. కబురు అందకపోతే ఈసీయూ పంపును ఆపేస్తుంది, స్పార్క్ ఇవ్వదు, ఇంజెక్టర్లను తెరవదు. ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగిపోయినప్పుడు పెట్రోలు పారకుండా ఉండడానికి పెట్టిన మంచి ఏర్పాటు అది. ఆ కబురు మోసేది, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సార్. అది మూగబోతే పంపు, ప్లగ్గులు, ఇంజెక్టర్లు అన్నీ ఒకేసారి చెడిపోయినట్టు కనిపిస్తాయి. ప్రతి చోటా లక్షణం దొరుకుతుంది, కారణం మాత్రం ఎక్కడా దొరకదు.

స్కానర్ కొనమన్నది మా తమ్ముడు. బీఎస్-4 కాలుష్య ప్రమాణాల కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 ఉండాలన్న నిబంధన వచ్చిందని, నా బండికి తప్పక పనిచేస్తుందని చెప్పాడు. కొన్నాక రెండు వారాలు డ్యాష్‌బోర్డు అరలోనే ఉండిపోయింది.

మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి, కొర్లపహాడ్ టోల్ ప్లాజా వరుసలో ఉన్నాం. ఏసీ నడుస్తోంది, బండి అడుగడుగునా ఆగుతోంది, బానెట్ మీద ఎండ మండుతోంది. గేటు దాటిన రెండు నిమిషాలకే ఇంజిన్ ఆగింది. అక్కడి కుర్రాళ్ళు ఇద్దరు తోసి నీడకు చేర్చారు. స్కానర్ గుచ్చి, ఫోను నాన్నగారి చేతికిచ్చాను.

"నాన్నగారూ, నేను సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం అని ఉన్నచోట ఎంత వస్తోందో చదవండి."

"సున్నా, అమ్మా."

"మళ్ళీ కొడుతున్నాను, చూడండి."

"సున్నానే. పైన వేడి 98 అని ఉంది, వోల్టులు 12 నుంచి పదిన్నరకు దిగి మళ్ళీ ఎక్కాయి. ఇది మాత్రం కదలడం లేదు."

సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పుతున్న చప్పుడు చెవులకు స్పష్టంగా వినిపిస్తోంది. బండి కంప్యూటర్ మాత్రం ఇంజిన్ నిలబడి ఉందని నమ్ముతోంది. ఆ సున్నాను చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఎలా చెప్పాలో తెలియదు. ఎండలో, మందుల సంచితో, ఇంటికి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం, అయినా ఆనందమే. రెండు నెలలుగా వెతుకుతున్నది ఎక్కడ ఉందో తెలిసింది. ఐదు నిమిషాలకోసారి సెల్ఫ్ కొడుతూ పోయాను. నాన్నగారు మజ్జిగ తాగుతూ చదువుతున్నారు. సున్నా, సున్నా, సున్నా. వేడి 98 నుంచి మెల్లగా దిగుతోంది. నలభయ్యో నిమిషంలో "రెండు వందల ముప్పై!" అన్నారు, ఆ మాట పూర్తయ్యేలోపే ఇంజిన్ అందుకుంది.

ఈసారి సర్వీసు సెంటర్‌కు వెళ్ళలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా ఇంజిన్ పనిచేసే ఒక పెద్దాయన షెడ్డుకు వెళ్ళాను. జరిగింది విని, "సున్నా అని చూశారు కదమ్మా, సగం పని అయిపోయింది. ఇక తేలాల్సింది సెన్సారా, వైరా అన్నదే" అన్నారు. బానెట్ మూసి ఇంజిన్‌ను అలాగే నడవనిచ్చారు. ముప్పావుగంటకు ఆగింది. సెల్ఫ్ కొడితే నా ఫోనులో మళ్ళీ సున్నా. తడి గుడ్డ తెచ్చి సెన్సార్ మీద కప్పి, రెండు నిమిషాల తర్వాత కొట్టమన్నారు. మొదటి తిప్పుకే స్టార్టయింది. ఇంజిన్ అంతా కాలుతూనే ఉంది, చల్లబడింది బొటనవేలంత సెన్సార్ ఒక్కటే.

మార్చే పని ఇరవై నిమిషాలు పట్టింది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, బండి లేపి, ఇంజిన్‌కు గేర్ బాక్స్ కలిసేచోట ఉన్న సెన్సార్ కప్లర్ (వైరు తగిలించే ప్లగ్గు) లాక్ నొక్కి విడదీశారు. ఉన్నది ఒకే 10 నంబరు బోల్టు. అది తీశాక కూడా సెన్సార్ కదల్లేదు, ఓ-రింగు (చుట్టూ ఉండే రబ్బరు వలయం) వేడికి అతుక్కుపోయింది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ప్లాస్టిక్ విరిగి ముక్క లోపల పడుతుందని, చుట్టూ మట్టి ముందే తుడిచి, కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పుతూ బయటకు తీశారు. మొనకు అయస్కాంతం ఉంటుంది కదా, దాని మీద ఇనుప రజను సన్నని గడ్డంలా మొలిచి ఉంది. కొత్తదానికి ఓ-రింగు మీద ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి, వేలితో నొక్కి కూర్చోబెట్టి, బోల్టును చిన్న పానాతో మణికట్టు బలంతో మాత్రమే బిగించారు. గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్ చెవి చిట్లుతుందట. కంపెనీ సెన్సార్ 1,450, కూలి 300. అప్పట్లో అదే ఆటోనగర్‌లో 350కి కూడా సెన్సార్లు దొరికేవి. పెద్దాయన మాత్రం, "నాన్నగారిని తీసుకెళ్ళే బండికి అది వేయనమ్మా" అన్నారు.

పాతది అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. రెండు తీగల రకం అది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ చుట్ట. దాని ఎదురుగా ఇంజిన్‌తోపాటు తిరిగే, 60 పళ్ళకు చోటున్న చక్రంలో 58 పళ్ళే ఉంచి, రెండు పళ్ళ ఖాళీ వదులుతారు. పిస్టన్ ఎక్కడుందో ఆ ఖాళీని బట్టి ఈసీయూ గుర్తుపడుతుంది. పన్ను దాటిన ప్రతిసారీ తీగలో ఒక విద్యుత్ అల పుడుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 2900 అలలు. పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పే విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం ఇదే. పసుపు రంగు మల్టీమీటర్ పెడితే 870 ఓములు చూపించింది. జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి కొట్టాను. 900, 950, 1010, రాగి వేడెక్కితే నిరోధం పెరగాల్సిందే, సరిగ్గానే పెరుగుతోంది. 1040 దగ్గర ఒక్కసారిగా అంకెలన్నీ పోయి, తెర ఎడమ చివర ఒంటరిగా 1 మిగిలింది. తీగ తెగినప్పుడు ఆ మీటరు చూపించే గుర్తు అది. గాలి ఆపి పావుగంట వదిలేస్తే మళ్ళీ 880. లోపల ఎక్కడో తెగిన తీగ చల్లగా ఉన్నప్పుడు తాకుతోంది, వేడికి విడిపోతోంది. ఆ సెన్సార్ ఇప్పుడు మా బడి ప్రయోగశాలలో ఉంది. మూడు తీగల సెన్సార్‌కు మాత్రం ఈ ఓముల పరీక్ష చేయకండి, అది హాల్ రకం, దాని పద్ధతి వేరు.

ఇక ఈ మూడేళ్ళలో కొన్ని మాటలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మొదట్లో ఎవరి బండిలో చెక్ లైటు వెలిగినా, స్కానర్ పెట్టి కోడ్ చదివి, ఏ భాగం పేరు వస్తే అది మార్చేయమని చెప్పేదాన్ని. ఎదురింటివారి బండికి పీ0335 వచ్చింది. అది క్రాంక్ సెన్సార్ సర్క్యూట్ కోడ్. నా మాట మీద 1,650 పెట్టి కొత్త సెన్సార్ వేయించారు. సాయంత్రానికి లైటు మళ్ళీ వెలిగింది. తీరా చూస్తే గేర్ బాక్స్ పైన వైరును ఎలుక కొరికింది. కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో లోపం ఉందనే. సెన్సార్, కప్లర్, వైరు, పళ్ళ చక్రం, అన్నీ ఆ సర్క్యూట్‌లోవే. ఆ డబ్బు ఇస్తానంటే వాళ్ళు తీసుకోలేదు, నాకు ఇప్పటికీ బాధే. నా బండికైతే ఆ మూడుసార్లూ కోడే పడలేదు. షెడ్డులో ఆగినప్పుడు పెద్దాయన ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టించాకే పడింది. చాలా బండ్లలో క్యామ్ సెన్సార్ (వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌ను కనిపెట్టేది) నుంచి అలలు వస్తూ క్రాంక్ సెన్సార్ నుంచి రాకపోతే, అదీ కొంతసేపు చూశాకే, ఈసీయూ తప్పు నమోదు చేస్తుంది. మనం రెండు సెకన్లు తిప్పి ఆపేస్తాం.

నేను ఇంతగా మెచ్చుకున్న సున్నా కూడా ఒకసారి తప్పుదారి పట్టించింది. పోయిన చలికాలం తమ్ముడి బండి స్టార్ట్ కాకపోతే అతని స్కానర్‌లోనూ ఆర్‌పీఎం సున్నా. సెన్సారే అనుకున్నాం. అసలు సంగతి, బ్యాటరీ పాతది, సెల్ఫ్ కొట్టగానే వోల్టేజి బాగా పడిపోయి స్కానరే ఆరి వెలుగుతోంది. ఈ చవక రకాల్లో అది మామూలే. కొర్లపహాడ్‌లో నాన్నగారు వేడి, వోల్టులు కూడా చదివారు కాబట్టి స్కానర్ బతికే ఉందని తేలింది. మిగతా అంకెలు కదులుతూ ఆర్‌పీఎం ఒక్కటే సున్నా అయితే నమ్మండి. అన్నీ బిగుసుకుపోతే ముందు బ్యాటరీ చూడండి.

వాడాక తీసేయడం మరచిపోవద్దు. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది. దసరా సెలవుల్లో పన్నెండు రోజులు వదిలేసి ఊరెళితే, వచ్చేసరికి తలుపు తాళం కూడా రిమోటుకు తెరుచుకోలేదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు నాది చదవదు. కొన్ని కంపెనీల బండ్లకు కొత్త క్రాంక్ సెన్సార్ వేశాక ఈసీయూకు మళ్ళీ నేర్పించాలి, ఆ పని కూడా దీనివల్ల కాదు. నా బండికి ఆ అవసరం రాలేదు.

సెన్సార్ మార్చాక 31 వేల కిలోమీటర్లు తిరిగాం, అందులో రెండు వేసవులు కొర్లపహాడ్ వరుసలోనే గడిచాయి. ఒక్కసారీ ఆగలేదు. అయినా అందరూ కొనాల్సిందే అని చెప్పలేను. నాది పాత బండి, దూర ప్రయాణాలు తప్పనివి, చెప్పింది వినే మెకానిక్ దగ్గరలోనే ఉన్నారు, మల్టీమీటర్ ఎలాగూ ఇంట్లో ఉంది. ఈ నాలుగూ కలిసి ఉండబట్టే 900 రూపాయల ముక్క నాకు ఇంత మేలు చేసింది. వారంటీలో ఉన్న బండి అయితే ప్రస్తుతానికి దీనితో పనిలేదు. కొంటే మాత్రం, బండి బాగున్న రోజే ఒకసారి పెట్టి, సెల్ఫ్ కొట్టేటప్పుడు మీ బండికి ఎంత వస్తుందో రాసి ఉంచుకోండి. నా బండికి పొద్దున చల్లగా ఉన్నప్పుడు 205, వేడి మీద 230.