నల్ల బియ్యమా, ఎర్ర బియ్యమా, దంపుడు బియ్యమా: రోజూ వండుకోవడానికి ఏది మేలు?

హనుమకొండలో ఆర్గానిక్ దుకాణాలు పెరిగినంక ఈ ప్రశ్న తరచూ వినిపిస్తున్నది: "నాన్నకు షుగర్ వచ్చింది, నల్ల బియ్యం మొదలుపెడదామా?" నా మాట ముందే చెప్తాను. రోజూ తినే అన్నానికి ఎర్ర బియ్యమో, మన తెలంగాణ సోనా దంపుడు బియ్యమో మేలు. నల్ల బియ్యం వారానికి ఒకటి రెండు పూటలు చాలు.

నల్ల బియ్యం గింజను ఒకటి కొరికి చూడండి, లోపల తెల్లగానే ఉంటుంది. రంగంతా పైనున్న తవుడు పొరలోదే. ఆ నలుపు ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది. నేరేడు పండుకు, వంకాయ తొక్కకు రంగునిచ్చేవీ ఈ జాతివే. ఎర్ర బియ్యంలో ఉండేవి ప్రోయాంథోసయనిడిన్లు, అవి టానిన్ల కుటుంబం. కేరళ నవార, తమిళనాడు మాపిళ్ళై సాంబ ఈ ఎర్ర రకాలే. మామూలు దంపుడు బియ్యంలో ఈ రంగులు లేకున్నా తవుడు ఉంటుంది కాబట్టి ఫెరూలిక్ ఆమ్లం, ఒరైజనాల్, విటమిన్ ఇ ఉంటాయి. ఇవన్నీ యాంటీ ఆక్సిడెంట్లే, అంటే కణాలు దెబ్బతినకుండా అడ్డుకునే గుణమున్న పదార్థాలు. మిల్లులో పాలిష్ గట్టిగా పట్టిస్తే మాత్రం ఏ రకమైనా వీటిలో చాలావరకు తవుడుతోనే పోతాయి.

ప్రయోగశాలలో కొలిస్తే యాంటీ ఆక్సిడెంట్లలో నల్ల బియ్యానిదే సాధారణంగా పైచేయి. కానీ మనం తినేది ఉడికిన అన్నం. నల్ల బియ్యం కడిగితేనే నీళ్లు ఊదా రంగులోకి తిరుగుతాయి, ఆ పారబోసే నీళ్లలో ఆంథోసయనిన్లు కొంత పోయినట్టే. పొయ్యి వేడికి ఇంకొంత విరిగిపోతాయి, కుక్కర్ విజిళ్లకు మరీ ఎక్కువ. మిగిలినదాంట్లో కూడా మన పేగులు నేరుగా పీల్చుకునేది కొద్దిగానే. కాబట్టి క్యాన్సర్ తగ్గుతుంది, గుండెకు రక్షణ కవచం అని సంచి మీద రాసి అమ్మేవాళ్లను నమ్మకండి. పరీక్ష నాళికలో కనిపించిన గుణం మనిషి ఒంట్లో అంతే పనిచేస్తుందన్న హామీ లేదు. షుగర్ గోళీలు మానేసి ఈ బియ్యం మీద ఆధారపడితే ప్రాణానికే ముప్పు. వండేటప్పుడు మాత్రం ఒక్కసారే తేలిగ్గా కడగండి, నానబెట్టిన నీళ్లతోనే ఎసరు పెట్టండి, గంజి వంచకండి.

షుగర్ దగ్గరికొస్తే రంగు ఒక్కటే చూస్తే సరిపోదు. గింజలో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎంతుందన్నదీ ముఖ్యం. మణిపూర్ చాక్‌హావో నల్ల బియ్యానికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది, మంచి సువాసన, పాయసానికి దానికి సాటి లేదు. కానీ అది జిగురు రకం, అంటే అమైలోజ్ తక్కువ. అటువంటి అన్నం త్వరగా అరిగి చక్కెరగా మారే గుణం కలది. ఇటు మన తెలంగాణ సోనా, రైతులు ఆర్‌ఎన్‌ఆర్ 15048 అని పిలిచే వరి, 2015లో విడుదలైంది. రాజేంద్రనగర్‌లో దీన్ని తీసుకొచ్చింది మన అక్కంపేట బిడ్డ జయశంకర్ సారు పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయమే. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసిమిక్ సూచిక దానికి 51 దగ్గర, 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. పొలాల్లో పండే సన్న బియ్యంలోనే ఇంత మంచి రకం ఉండగా దూరం నుంచి తెప్పించుకున్నదే ఆరోగ్యమనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 2.8 గ్రాములు, దంపుడు బియ్యంలో 4.4. క్యాలరీలు మాత్రం రెండింటికీ దాదాపు సమానం, 350 పైచిలుకు. అంటే ఏ రంగు బియ్యమైనా పళ్లెం నిండా పెట్టుకుంటే షుగర్ ఊరుకోదు. అన్నం తగ్గించి పప్పు, పుంటికూర పెంచితే వచ్చే లాభం బియ్యం మారిస్తే వచ్చేదానికన్నా ఎక్కువ.

రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. తవుడులోని ఫైటిక్ ఆమ్లం, ఎర్ర బియ్యం టానిన్లు ఇనుమును ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటాయి. నిమ్మకాయ పిండుకున్నా, పచ్చి ఉసిరి తొక్కుతో తిన్నా ఆ అడ్డు కొంత తగ్గుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఏ దంపుడు బియ్యానికీ మారొద్దు, తవుడులో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ.

ధరలో నల్ల బియ్యం అందరికీ అందేది కాదు. నమలడానికీ గట్టి, ముసలివాళ్ల పళ్లకు కష్టం. ఎర్ర బియ్యం రాత్రే నానబెడితే మెత్తగా ఉడుకుతుంది, చింతపండు పులుసుతో బాగా కలుస్తుంది. మొదట్లో సగం తెల్ల బియ్యం కలిపి వండితే పిల్లలు కూడా తింటారు.

సొంత వడ్లున్నవాళ్లకు దుకాణం అక్కరే లేదు. మిల్లుకు పోయినప్పుడు ఊక మాత్రమే తీయమని, పాలిష్ వద్దని ముందే గట్టిగా చెప్పండి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఈ బియ్యం త్వరగా ముక్కిపోతుంది, పురుగూ పడుతుంది. క్వింటాల్ ఒక్కసారే పట్టించకుండా, నెలకు సరిపడా పట్టించి మిగతాది వడ్లుగానే ఉంచుకోండి.