కువైట్ నుంచి కోనసీమ ఇల్లు చూసుకోవడం, తొమ్మిదేళ్ల తర్వాత

నాన్నగారు పోయాక 2016లో పి.గన్నవరం దగ్గరి మా మండువా ఇల్లు నా చేతికి వచ్చింది. అప్పటికే మేము కువైట్‌లో స్థిరపడి ఉన్నాం. అమ్మేయమని చెప్పినవాళ్లే ఎక్కువ. సంక్రాంతికీ పిల్లల వేసవి సెలవులకూ వచ్చి ఉండటానికని ఉంచుకున్నాం. ఏడాదికి నలభై రోజులు మేము ఉంటాం. మిగతా రోజులు ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండటానికి తాళం, డబ్బు తీసుకుని చూసిపెట్టే మనిషి, కెమెరాలు, చివరికి ఇంట్లోనే ఉండే కుటుంబం, ఇలా నాలుగు పద్ధతులు వాడి చూశాను. ఇలాంటి ఇల్లు వదిలి వెళ్లేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట అందరిలాగే తాళం వేశాం. కిటికీలన్నీ బిగించి, కరెంటు మెయిన్ ఆపేసి, తాళంచెవుల గుత్తి మా బాబాయిగారి చేతిలో పెట్టి విమానం ఎక్కాం. పదకొండు నెలల తర్వాత వచ్చి తలుపు తీయబోతే అది ఉబ్బి గడపకు పట్టేసి ఉంది. భుజంతో నెడితే తెరుచుకుంది. లోపల తడిసిన గోనెసంచి వాసన. పడమటి గది ద్వారబంధం చూడటానికి బాగానే ఉంది కానీ, బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. పైన రంగు పొర మాత్రం మిగిల్చి లోపలి కలపంతా చెదలు తినేశాయి. నీళ్ల మోటారు బిగుసుకుపోయి మూలిగిందే తప్ప తిరగలేదు. ఇన్వర్టర్ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. డిస్టిల్డ్ వాటర్ పోసే మనిషి లేక, చార్జింగు లేక నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీ మళ్లీ లేవదని అప్పుడే తెలిసింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మండువాకు తగిలింది. చూడనివారి కోసం చెబుతాను. ఇంటి నడిమధ్య ఆకాశం కనిపించే చతురస్రం ఉంటుంది. నాలుగు వైపుల పెంకు కప్పూ అందులోకే వాలి ఉంటుంది కాబట్టి వానంతా అందులోనే పడుతుంది. ఆ నీరు బయటకు పోవడానికి ఒక మూల తూము ఉంటుంది. మా తూము నోరు అరచేయంత కూడా ఉండదు. అందులో కొబ్బరి ఈనెలు, పిందెలు, ఒక పిచ్చుక గూడు చేరి గట్టిపడి కూర్చున్నాయి. వానాకాలమంతా నీరు కదలకుండా నిలిచి, చుట్టూ ఉన్న వసారాలోకి ఎక్కింది. తాతగారి నాటి టేకు స్తంభాలు రెండింటికి అడుగున జానెడు మేర నల్లటి చార పడింది. వడ్రంగి ఉలితో గీకితే పొడి రాలింది. ఆ భాగం కోసేసి, కింద రాతి దిమ్మలు కట్టి నిలబెట్టించాను. ఆ రెండు స్తంభాల దగ్గర కూర్చుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంట్లో ఒక్క చెంచా కూడా పోలేదు. దొంగకు భయపడి ఇంటిని బిగించాను, ఆ బిగింపే ఇంటికి చేటు చేసింది. గాలి ఆడని చోట తేమ, తేమ ఉన్నచోట చెద. బాబాయిగారి తప్పు లేదు. డెబ్బై ఏళ్ల మనిషి నెలకోసారి వచ్చి తాళం ఉందో లేదో చూసి వెళ్లేవారు. నేను ఆయనను అడిగింది కూడా అంతే.

తర్వాత, ఊళ్లో లేనివారి ఇళ్లు చూసిపెడతామనే ఒకాయనకు ఏడాది డబ్బు ముందే కట్టాను. నెలనెలా ఫోటోలు వచ్చేవి, తృప్తిగా ఉండేది. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. రెండు రోజులకు ఆయన పంపిన ఫోటోలో ఇల్లు క్షేమంగా ఉంది. వీధి అరుగు పక్కన ములగ చెట్టు నిటారుగా నిలబడి ఉంది. అదే సాయంత్రం పక్కింటి పిన్నిగారు ఫోను చేసి, ములగ చెట్టు గాలికి విరిగి ప్రహరీ మీద పడిందని చెప్పారు. అవి పాత ఫోటోలు. ఆ రోజే ఆ ఏర్పాటు మానుకున్నాను. ఫోటో అడిగేవారు ఆ నాటి దినపత్రికను పక్కన పెట్టి తీయమనండి. లేదా వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పి చూపమనండి.

కెమెరాల గురించి చాలామంది అడుగుతారు. నాలుగు పెట్టించాను, ఇప్పుడు రెండే ఉన్నాయి. రాత్రి కెమెరా వెలుగుకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వచ్చి అద్దం ముందే గూడు అల్లుతుంది, గూడు ఊగినప్పుడల్లా నాకు ఫోను మోగేది. కరెంటు పోతే రౌటరూ పోతుంది, అంటే గాలివాన రాత్రి, సరిగ్గా మనకు కావలసినప్పుడే బొమ్మ రాదు. చిన్న రౌటరుకు విడిగా బ్యాటరీ పెట్టించాక కొంత నయం. వీధి గుమ్మం వైపు ఒకటి, మండువా తూము వైపు ఒకటి ఉంచాను. రెండోదాన్ని చూసి ఎలక్ట్రీషియన్ ఆశ్చర్యపోయాడు. నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

2019 వేసవిలో మా కొబ్బరి తోటలో దింపు తీసే, అంటే చెట్టెక్కి కాయలు కోసే పెద్దాయననూ ఆయన భార్యనూ ఇంటి వెనక రెండు గదుల్లోకి రమ్మని అడిగాం. ఆమెను మేము పెద్దమ్మ అని పిలుస్తాం. నెలకు ఏడు వేలు, కరెంటు మాది, పెరటి కూరలు వాళ్లవి. అద్దె లేకుండా కాపలాకు ఉంటున్నారని కాగితం రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం. నమ్మకం లేక రాసుకున్నది కాదు. రేపు మా పిల్లలకూ వాళ్ల పిల్లలకూ మాట తేడా రాకూడదని. వారానికోసారి మోటారు వేయడం, రోజూ కిటికీలు తీయడం, వాన పడిన ప్రతిసారీ తూము చూడటం, ఏటా తొలకరికి ముందు పెంకులు సర్దించడం వాళ్ల పని. పెద్దమ్మ ఉదయాన్నే కట్టెల పొయ్యి వెలిగిస్తుంది. ఆ పొగ వసారా దూలాలను తాకుతూ పోతుంది. వెనక వసారాలో ఈ ఆరేళ్లలో చెద కనిపించలేదు. ముందు గదుల్లో మాత్రం రెండుసార్లు మందు కొట్టించాల్సి వచ్చింది.

ఈ ఏర్పాటుకు పెద్ద పరీక్ష 2020లో వచ్చింది. విమానాలు ఆగిపోయాయి, మేము రెండేళ్లు ఇంటి మొహం చూడలేదు. వచ్చేసరికి తలుపు ఒక్క చేత్తో తెరుచుకుంది, తులసికోట ముందు ముగ్గు ఉంది. అమ్మ కన్నీళ్లు పెట్టుకుంది.

2022 జులై వరద ఇంకో పరీక్ష. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు కిందికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి మా డెల్టావాళ్లం ముందు ఆ అంకె చూస్తాం, తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట చూస్తాం. అక్కడ 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు హెచ్చరికలు. ఆ ఏడాది భద్రాచలంలో 71.3 అడుగులు, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఊరు ఏటిగట్టుకు ఇవతల, ఏరు లేని వైపు ఉంది, నది మధ్య లంక కాదు. అయినా ఆ రెండు రాత్రులు కువైట్‌లో నిద్రపోలేదు. “గట్టు మీద బస్తాలు వేస్తున్నారు బాబూ. బియ్యం, దస్తావేజుల పెట్టె అటక ఎక్కించేశాం. మీరు తిని పడుకోండి” అని పెద్దమ్మ ఫోనులో చెప్పింది. గట్టు నిలిచింది. పెరట్లోకి ఊట నీరు మాత్రం వచ్చింది.

కాగితాల సంగతి క్లుప్తంగా. విదేశంలో ఉండేవారు వ్యవసాయ భూమి కొనకూడదు గానీ వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. కొబ్బరి డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో, అంటే విదేశాల్లో ఉండేవారికి ఇండియాలో వచ్చే ఆదాయం కోసం ఉండే ఖాతాలో పడేలా చూసుకోవాలి, పాత పొదుపు ఖాతానే నడపకూడదు. ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున పనులు చూసే అధికార పత్రం ఇస్తే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించి, ఇండియాకు చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. నేను ఇచ్చినది ఇంటి నిర్వహణకు మాత్రమే, అమ్మే అధికారం అందులో రాయలేదు. మీరూ రాయకండి. ఇంటి పన్ను రసీదులు మీ పేరనే ఉంచుకోండి.

ఖర్చు విషయానికొస్తే, దింపు డబ్బు కాయ ధర బాగున్న ఏడు కాపలా జీతానికీ పెంకు పనికీ సరిపోతుంది, ధర పడిన ఏడు చేతి నుంచి వేస్తాను. లాభం చూసుకునేవారు ఈ పని పెట్టుకోవద్దని నిజాయితీగా చెబుతున్నాను. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం జాతరకు మా పిల్లలు మా గుమ్మం నుంచే బయలుదేరాలన్నది నా కోరిక. దానికి ఎంతైనా పెడతాను.

ఇప్పుడు బెంగ ఒక్కటే. పెద్దాయన చెట్టు ఎక్కడం మానేశారు. పెద్దమ్మకు మోకాళ్లు నొప్పులు, ఒంగి తూములో చెయ్యి పెట్టలేకపోతోంది. పోయిన సంక్రాంతికి తూము నోటికి ఇనుప జాలీ బిగించి, నిలబడే ఈనెలు లాగడానికి పొడవాటి కొక్కెం చేయించి ఇచ్చాను. వాళ్ల మనవడు పక్క ఊళ్లో మేస్త్రీ పనికి వెళ్తాడు. పెళ్లయ్యాక వెనక గదుల్లోకి వస్తానన్నాడు. వాళ్ల కోసం ఈ వేసవిలో మూడో గది వేయిస్తున్నాను.