పటం బాగుంది, పట్టికే పాతది: మాస్టర్ ప్లాన్ సవరణ సేవపై ఒక సమీక్ష

ఒక చిన్న నగరపు 20 ఏళ్ల భూ వినియోగ, గృహనిర్మాణ ప్రణాళికను సవరించే పనిని పురపాలక సంఘం ఒక సలహా సంస్థకు అప్పగించింది. ఆ పనికి తోడుగా ఏర్పాటైన పౌర సలహా సంఘంలో సభ్యుడిగా ఉండటం వల్ల మొదటి సమావేశం నుంచి తుది ముసాయిదా వరకు ఆ సేవను దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. నేను గమనించిన లోపాలు ఒక్క సంస్థకే పరిమితమైనవని అనుకోవడం లేదు కాబట్టి పేరు చెప్పడం లేదు. ఇదే సేవను తీసుకోబోయే మరో నగరానికి ఉపయోగపడాలన్నదే ఉద్దేశం. పటాలకు మంచి మార్కులు, అభ్యంతరాల రిజిస్టరుకు ఇంకా మంచి మార్కులు వేస్తాను. ఇళ్ల అధ్యాయానికి మాత్రం సగం మార్కులు వేయడానికి కూడా చేయి రాలేదు.

ముందుగా బాగున్న దాని గురించి చెప్పాలి. పాత ప్రణాళికలోని రంగులను చెరిపి కొత్త రంగులు పూయడంతో సరిపెట్టకుండా, సంస్థ సిబ్బంది ఉపగ్రహ చిత్రాల ఆధారంగా మూల పటం గీసి, వీధి వీధి తిరిగి ప్రతి స్థలంలో ఇప్పుడు ఏముందో సరిచూశారు. ప్రణాళికకు ముందు సర్వే జరగాలని స్కాట్లాండ్‌కు చెందిన నగర ప్రణాళికా నిపుణుడు ప్యాట్రిక్ గెడ్డెస్ చెప్పి వందేళ్లు దాటినా ఆ మాటను పాటించేవారు తక్కువే. సర్వే వల్ల తేలిన నిజాలు అధికారులకు కొంత ఇబ్బంది కలిగించాయి. పరిశ్రమల కోసం కేటాయించిన నేలలో చాలా భాగం ఇళ్లతో నిండిపోయింది. నివాస ప్రాంతమని రాసి ఉన్నచోట గోదాములు నడుస్తున్నాయి. కళ్లముందున్న దానిని కాగితం మీదికి తేవడమే సవరణలో మొదటి పని. ఆ పనిని వారు శ్రద్ధగా చేశారు. వరద ముంపు హద్దును విడి అనుబంధంలో దాచకుండా భూ వినియోగ పటం మీదనే గీయడం కూడా మెచ్చుకోదగినదే.

చిక్కంతా ఇళ్ల లెక్క దగ్గర మొదలైంది. రాబోయే 20 ఏళ్లలో ఎన్ని ఇళ్లు కావాలో తేల్చేందుకు ముసాయిదాలో జనాభా అంచనాను ఇప్పటి సగటు కుటుంబ పరిమాణంతో భాగించి ఊరుకున్నారు. జనాభా మారకపోయినా కుటుంబాలు చిన్నవవుతాయన్న సంగతి అందులో లేదు. గుండ్రని అంకెలతో చూద్దాం: 40,000 మంది ఉన్న ఊరిలో ఇంటికి నలుగురైతే 10,000 ఇళ్లు చాలు, ఇంటికి సగటున 3.2 మంది అయితే 12,500 కావాలి. ఒక్క మనిషి కొత్తగా రాకుండానే 2,500 ఇళ్ల కొరత పుట్టుకొస్తుంది. పైగా చిన్న నగరంలో ఒక పెద్ద కర్మాగారం వచ్చినా, మూతపడినా అంచనా తలకిందులవుతుంది. అలాంటప్పుడు ఒకే అంకె ఇవ్వడం కంటే తక్కువ, మధ్యస్థ, ఎక్కువ అనే మూడు అంచనాలు ఇవ్వడమే నిజాయతీ. మేము అడిగిన తర్వాతే ఆ మూడూ ఇచ్చారు.

ఆ ఇళ్లు ఎక్కడ పడతాయన్న లెక్క ఇంకా బలహీనంగా ఉంది. ఖాళీ భూమి విస్తీర్ణాన్ని హెక్టారుకు ఇన్ని ఇళ్లన్న సాంద్రతతో హెచ్చవేసి, కావలసినదాని కంటే ఎక్కువే చోటుందని తేల్చేశారు. 100 హెక్టార్లను హెక్టారుకు 40 ఇళ్లతో హెచ్చవేస్తే 4,000 వస్తుంది. కానీ అందులో 15 హెక్టార్లు ముంపులో ఉండి, మిగిలిన 85లో 40 శాతం రోడ్లకు, ఉద్యానాలకు, బడులకు పోతే ఇళ్లకు మిగిలేది 51 హెక్టార్లే, ఇళ్లు 2,040. ఆ భూమి యజమానులందరూ 20 ఏళ్లలో ఇళ్లు కడతారనీ, అమ్ముతారనీ ఎవరూ హామీ ఇవ్వలేరు. ముంపు హద్దును పటంలో అంత చక్కగా గీసినవారే ఇళ్ల లెక్కలో దానిని మరచిపోయారంటే, రెండు అధ్యాయాలను రెండు బృందాలు ఒకదానికొకటి చూపించుకోకుండా రాసి ఉంటాయనే అనిపించింది.

అన్నిటికంటే ముఖ్యమైన లోపం నిబంధనల పట్టికలో ఉంది. ఇప్పటికే రోడ్లు, నీళ్లు ఉన్న పాత నివాస ప్రాంతాల్లో ఒక స్థలంలో మూడు ఇళ్ల వరకు అనుమతించాలని ముసాయిదా ప్రతిపాదించింది. ఊరు పొలాల మీదికి పాకకుండా ఇళ్లు పెంచడానికి అది మంచి మార్గమే. అయితే సెట్‌బ్యాక్ (స్థలం హద్దు నుంచి భవనం వరకు వదలాల్సిన ఖాళీ), ఎత్తు, పార్కింగ్ నిబంధనలున్న పట్టికను మాత్రం పాత ప్రణాళిక నుంచి యథాతథంగా తెచ్చి అతికించారు. 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న స్థలాన్ని తీసుకోండి. 40 శాతం మాత్రమే కట్టాలన్నప్పుడు అంతస్తుకు 80 చదరపు మీటర్లు, రెండు అంతస్తులకు 160 వస్తాయి; మెట్లు పోగా మూడు చిన్న ఇళ్లు సరిపోతాయి. కానీ ఇంటికి రెండు కార్ల చోటు తప్పనిసరి చేశారు. కారు నిలిపేందుకు, తిప్పేందుకు కలిపి సుమారు 25 చదరపు మీటర్ల చొప్పున ఆరు కార్లకు 150 కావాలి. మిగిలిన నేల 120 మాత్రమే. స్టిల్ట్ (కింద కార్లకు చోటు వదిలి స్తంభాల మీద ఇల్లు లేపడం) వేద్దామంటే దానినీ ఒక అంతస్తుగానే లెక్కిస్తారు. అంటే పటంలో మూడు ఇళ్లు ఇచ్చి, పట్టికలో ఒకటి వెనక్కు తీసుకున్నట్టయింది.

ఇది తెలియక జరిగిన పొరపాటని సరిపెట్టుకోలేను, ఎందుకంటే అనుమతితో పాటు పట్టికలోని అంకెలూ మారాలన్న ఈ పాఠం నేర్చుకున్న నగరాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. 2018లో ఆమోదం పొందిన అమెరికా నగరం మినియాపొలిస్ ప్రణాళిక ఒక స్థలంలో మూడు ఇళ్లను అనుమతించి పేరు తెచ్చుకున్నా, ఆ తరహా చిన్న భవనాలు అక్కడ కొద్దిగానే వచ్చాయి. ఇళ్ల సంఖ్య పెరిగింది ప్రధానంగా పెద్ద అపార్ట్‌మెంట్ల వల్లనే. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో తన నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతులలో ఎక్కువ ఇళ్లకు అనుమతించాక నిర్మాణ అనుమతులు గట్టిగా పెరిగాయి. అమెరికాలోని హ్యూస్టన్ 1998లో నగర మధ్యభాగంలో స్థలం కనీస పరిమాణాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించగానే వరుస ఇళ్లు పుట్టుకొచ్చాయి. అదే దేశంలోని బఫలో 2017లో కనీస పార్కింగ్ నిబంధననే తొలగించింది. ఈ నగరాలలో కొన్నింటిని సంస్థవారు ముసాయిదా ముందుమాటలో ఆదర్శంగా పేర్కొన్నారు కూడా. పేర్లు తీసుకుని, ఆ నగరాలు పట్టికలో ఏ అంకెలు మార్చాయో చూడకపోవడమే నాకు మింగుడుపడని విషయం.

ప్రజాభిప్రాయ సేకరణ మొదట్లో నిరాశపరిచింది. సభలన్నీ పనిదినాల్లో ఉదయం పూట పెట్టడంతో సొంత ఇల్లున్న పెద్దవారు వచ్చారే తప్ప, ప్రణాళిక ప్రభావం అందరికంటే ఎక్కువగా పడే అద్దెదారులు దాదాపు కనిపించలేదు. అమెరికన్ రచయిత్రి షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో పౌర భాగస్వామ్యాన్ని, పైకి వెళ్లేకొద్దీ పౌరుల అధికారం పెరిగే ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించింది. ఆ లెక్కన మొదటి రెండు సభలు కింది మెట్ల మీదే ఆగిపోయాయి. మేము చెప్పిన తర్వాత సాయంత్రపు సభలు పెట్టారు, బస్ స్టాండులో పటాలు ప్రదర్శించారు. అక్కడ పటం ముందు నిలబడి తన వీధిని వేలితో వెతుక్కున్న మనిషి అడిగే ప్రశ్న, సభలో మైకు అందుకున్నవారి ప్రసంగం కంటే ఎన్నో రెట్లు పనికొచ్చింది.

అభ్యంతరాల రిజిస్టరు ఈ సేవలో ఉత్తమ భాగం. వచ్చిన ప్రతి అభ్యంతరానికి సంఖ్య ఇచ్చి, దానిని అంగీకరించారా, తిరస్కరించారా, ఎందుకన్నది వరుసగా రాసి అందరికీ అందుబాటులో ఉంచారు. “పరిశీలించబడింది” అన్న ఒక్క ముక్కతో తప్పించుకున్న సమాధానం నాకు అందులో ఎక్కడా కనబడలేదు. ఆన్‌లైన్ పటం మాత్రం ఫోనులో తెరుచుకోవడానికి చాలా సమయం తీసుకుంటుంది. దార్శనిక పత్రమని పిలిచిన తొలి 30 పేజీల్లో ఊరి పేరు మారిస్తే మరే ఊరికైనా సరిపోని వాక్యం ఒక్కటీ లేదు.

ఈ సేవను కొనబోయేవారు ఒప్పందంలో రెండు షరతులు రాయించుకోవాలి. మొదటిది, ప్రతి జోన్ (ఒకే నిబంధనలు వర్తించే ప్రాంతం) నుంచి ఒక నిజమైన స్థలాన్ని ఎంచి, కొత్త నిబంధనల కింద అక్కడ ఏమి కట్టవచ్చో స్కేలు ప్రకారం గీసి చూపాలి. రెండవది, ఐదేళ్లకొకసారి లెక్కలు సరిచూసే పద్ధతిని ప్రణాళికలోనే పొందుపరచాలి. సింగపూర్ తన మాస్టర్ ప్లాన్‌ను ఐదేళ్లకొకసారి సమీక్షిస్తుంది. మేము మొదటిదానిని ఆలస్యంగా అడిగాం. ఆ డ్రాయింగులు వచ్చిన తర్వాత రెండు జోన్లలో పార్కింగ్ నిబంధన ఇంటికి ఒక కారుకు తగ్గింది, స్టిల్ట్‌ను ఎత్తు లెక్క నుంచి తీసేశారు. మూడవ జోన్ పట్టిక ఇప్పటికీ పాతదే. దానిపై మా సంఘం రాసిన అభ్యంతరానికి రిజిస్టరులో సంఖ్య పడింది, సమాధానం ఇంకా రావాల్సి ఉంది.