పాత సైనిక రైఫిళ్లలో గురి: ఎన్‌ఫీల్డ్, స్నైడర్, మార్టినీలలో ఏది మేలు?

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువారి మధ్య పాత తుపాకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా "మందు ఎంత ఎక్కువ దట్టిస్తే గుండు అంత సూటిగా పోతుంది" అనే మాట వినిపిస్తుంది. పంట కాపలాకు లైసెన్సు తుపాకి ఉంచుకున్న ఇళ్లలో ఈ నమ్మకం మరీ గట్టిది. 19వ శతాబ్దపు బ్రిటిష్ సైనిక రైఫిళ్ల విషయంలో ఇది తప్పు. ఎన్‌ఫీల్డ్, స్నైడర్, మార్టినీ-హెన్రీ అనే మూడు తుపాకులను పక్కపక్కన పెట్టి చూస్తే, గురిని నిర్ణయించేవి రెండే సంగతులని తేలుతుంది: గుండు గొట్టంలోని గాడులకు (గుండును తిప్పేందుకు లోపల మెలికగా చెక్కిన గీతలకు) ఎంత బాగా అతుకుతున్నది, కాలిన మందు మిగిల్చిన మసి ఎంత మెత్తగా ఉన్నది. మందు కొలత ఈ రెండింటికీ లోబడి ఉండవలసినదే.

1857లో ఇంగ్లండులో జరిగిన పరీక్షలు ఈ మాటకు మంచి సాక్ష్యం. విట్‌వర్త్ అనే ఇంజనీరు ఆరు పలకల గొట్టం, 20 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే మెలికతో తయారుచేసిన రైఫిలును సైనిక ఎన్‌ఫీల్డుతో పోల్చారు. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ గుండ్ల సగటు ఎడం 2.24 అడుగులు కాగా, విట్‌వర్త్‌ది 0.37 అడుగులు మాత్రమే. రెండింటి గుండు బరువూ 530 గ్రెయిన్లే (గ్రెయిను అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు). తేడా అంతా గొట్టంలోనూ గుండు అమరికలోనూ ఉంది. విట్‌వర్త్ ఖరీదైనది, సేనలో విస్తృతంగా వాడుకలోకి రాలేదు. కనుక ఈ పోలికలో దానికి ఇంతకు మించి చోటు లేదు.

ఇక మసి సంగతి. ఈ తుపాకుల్లో వాడే మందు బ్లాక్ పౌడరు, అంటే బరువులో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. అది కాలినప్పుడు సగానికి పైగా వాయువుగా మారక, లవణాలుగా, మసిగా మిగిలి గొట్టం లోపల పేరుకుంటుంది. ఆ పొరకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. గోపాలపురం, ఛత్రపురం వంటి తీరప్రాంతాల తేమ గాలిలో అది మెత్తగానే ఉంటుంది. తరువాతి గుండు దాన్ని తుడుచుకుంటూ పోతుంది. మహారాష్ట్ర సరిహద్దున చంద్రపూర్, సిరోంచ వైపు, మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు వీచే పొడిగాలిలో అదే పొర గట్టిపడి గరుకు పెంకులా మారుతుంది. అందువల్ల ఒకే తుపాకి, ఒకే మందు, ఒకే గుండు ఈ రెండు చోట్ల ఒకే ఫలితాన్ని ఇవ్వవు. తీరంలో పనికివచ్చిన కొలతను చంద్రపూర్ ఎండలో యథాతథంగా నమ్మడం తగదు.

1853 నమూనా ఎన్‌ఫీల్డును మూతి నుంచి దట్టించాలి. గొట్టం పొడవు 39 అంగుళాలు, లోపలి వ్యాసం 0.577 అంగుళం, గాడులు మూడు, మెలిక 78 అంగుళాలకు ఒక చుట్టు. సైనిక తూటాలో (గుండు, మందు కలిపి చుట్టిన పొట్లంలో) రెండున్నర డ్రాముల మందు, అంటే సుమారు 68 గ్రెయిన్లు, నాలుగున్నర గ్రాములకు కాస్త తక్కువ. గుండు మెత్తని సీసంతో చేసినది. అడుగు భాగం బోలుగా ఉంటుంది. గొట్టం కంటే కొంచెం సన్నగా ఉన్నందున అది సులభంగా లోపలికి జారుతుంది. మందు అంటుకోగానే వాయువు ఒత్తిడికి దాని అడుగు అంచు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. ఈ ఏర్పాటులోని చక్కదనం నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది.

దీని తూటాలకు పూసిన కొవ్వు 1857లో రేపిన కలత చరిత్ర పాఠాల్లో అందరూ చదివినదే. గురికి సంబంధించినంత వరకు అదే కాలంలో మరొక సంగతి బయటపడింది. మొదట 0.568 అంగుళం ఉన్న గుండు మన దేశపు ఎండలో ఇబ్బంది పెట్టింది. పూతలోని కొవ్వు కరిగిపోయేది, మసి గట్టిపడేది, కొన్ని సార్లు కాల్చాక గుండు సగం దారిలో ఇరుక్కునేది. దానితో గుండును 0.55 అంగుళానికి తగ్గించి, పూతగా తేనెమైనాన్ని వాడారు. సన్నబడిన గుండు తప్పక విచ్చుకునేందుకు దాని అడుగున బిరడా అమర్చారు. యుద్ధరంగంలో త్వరగా దట్టించుకోవడానికి ఇది సరైన మార్పే. తీరిగ్గా గురి చూసి కాల్చేవారికి మాత్రం సన్నటి గుండు అనుకూలం కాదు. ఇంగ్లండు, అమెరికాలలో నేటికీ ఈ తుపాకులతో పోటీల్లో పాల్గొనేవారు గొట్టాన్ని కొలిపించి, దాని కంటే అంగుళంలో వెయ్యో వంతో, అలాంటివి రెండు వంతులో మాత్రమే సన్నగా ఉండే గుండును, కలగలుపు లేని సీసంతో పోసుకుంటారు. మందును కూడా సైనిక కొలత కంటే తగ్గించి, చాలామంది 40 నుంచి 60 గ్రెయిన్ల మధ్యనే నిలుపుతారు. కారణం స్పష్టం: ఒత్తిడి మితిమీరితే గుండు అడుగు అంచు గొట్టం దాటగానే వంకర పోతుంది, ఇక గుండు ఏ పక్కకు తిరుగుతుందో చెప్పలేము.

ఎన్‌ఫీల్డులోనే మరో రకం ఉంది. 1858 నాటి నౌకాదళ నమూనాలోనూ, 1860, 1861 నాటి పొట్టి సైనిక నమూనాల్లోనూ 33 అంగుళాల గొట్టం, ఐదు గాడులు, 48 అంగుళాలకు ఒక చుట్టు మెలిక ఉంటాయి. మెలిక బిగువుగా ఉండటం వల్ల గుండు మరింత స్థిరంగా తిరుగుతుంది. పొడుగు గొట్టం చూడటానికి గంభీరంగా ఉన్నా, గురి కోసమైతే ఈ పొట్టి నమూనాయే దానికంటే మెరుగు.

1866లో వచ్చిన స్నైడర్, పాత ఎన్‌ఫీల్డ్ గొట్టం వెనుక భాగాన, పక్కకు తెరుచుకునే మూతను అమర్చి చేసినది. తూటాలో 70 గ్రెయిన్ల మందు, 480 గ్రెయిన్ల గుండు. గొట్టం, మెలిక పాతవే అయినా, ఇది మూతి నుంచి దట్టించే ఎన్‌ఫీల్డ్ కంటే సూటిగా కాల్చిందని సైనిక పరీక్షల్లో తేలింది. వెనుక నుంచి పెట్టే గుండు సన్నగా ఉండవలసిన అవసరం లేకపోవడం, ముక్కు బోలుగా ఉన్నందున గుండు తక్కువ బరువుతో తగినంత పొడవు కలిగి ఉండటం ఇందుకు తోడ్పడ్డాయి. అయితే సైనిక గుండుతో పోల్చిన ఈ ఫలితం, గొట్టానికి కొలిచి పోసిన గుండు వాడే ఎన్‌ఫీల్డుకు వర్తించదు. పైగా గాడులు లోతుగా ఉన్న స్నైడర్ గొట్టాన్ని పూర్తిగా నింపే గుండును తయారుచేసుకోవడం కష్టం.

1871లో సేన స్వీకరించిన మార్టినీ-హెన్రీ వేరే తరానికి చెందినది. గొట్టం 0.45 అంగుళం, ఏడు గాడులు, 22 అంగుళాలకు ఒక చుట్టు. మందు 85 గ్రెయిన్లు, గుండు 480 గ్రెయిన్లు. 12 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపి గట్టిపరచి, చుట్టూ కాగితం చుట్టి, వెనుక తేనెమైనపు బిళ్ల పెట్టేవారు. 500 గజాలు దాటిన లక్ష్యానికి ఈ మూడింటిలో ఇదొక్కటే తగినది. ఆ విషయంలో వాదానికి తావు లేదు. కానీ దీనికి మూడు చిక్కులున్నాయి. సన్నని గొట్టంలో ఎక్కువ మందు కాలడం వల్ల మసి త్వరగా పేరుకుంటుంది. వెనుకదెబ్బ తీవ్రంగా ఉండి, కాల్చేవాడి భుజం ముందుగానే బిగుసుకుపోతుంది. వెనుకదెబ్బ తగ్గించాలని మందు తగ్గిస్తే, పెద్ద తూటాలో ఖాళీ మిగులుతుంది; దానిని తేలికైన పూరకంతో నింపవలసి వస్తుంది, ఆ పూరకం ప్రతిసారీ ఒకే తీరుగా కుదరదు.

నా నిర్ణయం ఇది. 200 గజాల లోపు, ఒక్కొక్క గుండు తరువాత తడిగుడ్డతో గొట్టం తుడవడానికి ఓపిక ఉన్నవారికి, ఐదు గాడుల పొట్టి ఎన్‌ఫీల్డే మేలు. గుండు కొలత, మందు కొలత, పూత అన్నీ కాల్చేవారి చేతిలో ఉంటాయి. ఒకదాన్ని మార్చి మిగిలినవాటిని కదపకుండా ఫలితం చూడవచ్చు. చంద్రపూర్ వంటి పొడి నేలలో ఈ ఆధిక్యం మరింత పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ మసిని అదుపులో పెట్టే ఏకైక నమ్మకమైన మార్గం తుడవడమే. తీరపు తేమలో మార్టినీ దానికి చాలా దగ్గరగా వస్తుంది. దూరం పెరిగితే దాటిపోతుంది. స్నైడర్‌ను చరిత్ర కోసం ఇష్టపడవచ్చు గాని, గురి కోసం మూడవ స్థానమే ఇస్తాను.

ఏ తుపాకి అయినా తక్కువ కొలతతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, గుండ్లు ఎక్కడ దగ్గరగా పడతాయో అక్కడ ఆగాలి. సైనిక కొలతను ఎన్నడూ దాటకూడదు. మూతి నుంచి దట్టించే తుపాకిలో గుండు మందుకు ఆనుకుని కూర్చోవాలి. మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది కూడా. పొగరాని ఆధునిక మందును, దీపావళి బాణసంచా మందును వీటిలో పోయడం ప్రాణాంతకం. మన దేశంలో కాల్చగల స్థితిలో ఉన్న తుపాకికి, అది ఎంత పాతదైనా, 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. మందుకు కూడా అనుమతి కావాలి. గొట్టాన్ని నిపుణుడైన తుపాకి మరమ్మతుదారు పరీక్షించకుండా కాల్చకూడదు.

మరొక హెచ్చరిక మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా అవసరం. 1857 తరువాత భారతీయ సిపాయిలకు ఇచ్చిన తుపాకులలో పైకి ఎన్‌ఫీల్డులా కనిపిస్తూ, లోపల గాడులు లేని నున్నటి గొట్టం కలవి చాలా ఉన్నాయి. అవి ఉద్దేశపూర్వకంగా అలా చేసినవే. గొట్టం వ్యాసం 0.65 అంగుళం చుట్టుపక్కల ఉండి, దూరాన్ని బట్టి సర్దుకునే గురిపలక లేకపోతే అది ఆ రకమే. అటువంటి దానికి పైన చెప్పిన గుండు గాని, కొలత గాని వర్తించవు.