‘గ్రీవస్ ఏంజెల్’: ఇన్నేళ్లుగా వింటున్నా తనివి తీరని ఆల్బమ్

కవరు మీద పేరు అమెరికన్ కంట్రీ రాక్ (అమెరికా పల్లె పాట, రాక్ కలిసిన సంగీతం) గాయకుడు గ్రామ్ పార్సన్స్‌ది ఒక్కటే. కానీ ఏళ్ల తరబడి విన్నాక గట్టిగా చెప్పగలను, ఇది ఇద్దరి ఆల్బమ్. రెండో గొంతు గాయని ఎమ్మిలూ హారిస్‌ది. నిజానికి కవరు మీద ఇద్దరి ఫొటో రావాల్సింది. 1973 సెప్టెంబర్ 19న కాలిఫోర్నియాలోని జాషువా ట్రీలో పార్సన్స్ 26 ఏళ్లకే చనిపోయారు. 1974 జనవరిలో రికార్డు బయటికొచ్చేసరికి ఆమె ఫొటో లేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

‘లవ్ హర్ట్స్’ వినండి. బూడ్లో బ్రయంట్ రాసిన ఈ పాటను ఎవర్లీ బ్రదర్స్ 1960లోనే పాడారు. మన సినిమా డ్యూయెట్లలో ఎక్కువగా ఒకరి తర్వాత ఒకరు పాడతారు. ఇక్కడ పార్సన్స్, హారిస్ ఇద్దరూ దాదాపు ప్రతి మాటా కలిసే పలుకుతారు. ఆయన గొంతు సన్నగా వణుకుతుంది, ఒక్కోచోట చీలుతుంది కూడా. ఆమె దాన్ని కప్పేయదు, పైస్థాయిలో పక్కనే నడుస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఆమె కనిపెట్టి పాడుతున్నట్టే ఉంటుంది.

వాయిద్యాల సంగతికొస్తే, జేమ్స్ బర్టన్ గిటార్, గ్లెన్ డి. హార్డిన్ పియానో, రాన్ టట్ డ్రమ్స్. ముగ్గురూ ఎల్విస్ ప్రెస్లీ బ్యాండ్ వాళ్లే. అంత చెయ్యి తిరిగినవాళ్లు గొంతులకు చోటిచ్చి వాయించారు. ఆల్ పెర్కిన్స్ పెడల్ స్టీల్ గిటార్ (అడ్డంగా ఉంచి, తీగల మీద కడ్డీ జరుపుతూ వాయించేది) మన గమకంలా స్వరం నుంచి స్వరానికి జారుతుంది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ‘థౌజండ్ డాలర్ వెడ్డింగ్’. పెళ్లికూతురు పెళ్లికి రాదు. వెళ్లిపోయిందా, చనిపోయిందా? పాట తేల్చి చెప్పదు. మధ్యలో కోపం పొంగి, మళ్లీ పియానో దగ్గర చల్లబడుతుంది. ‘బ్రాస్ బటన్స్’ పార్సన్స్ తన తల్లిని తలుచుకుని రాసిన పాట. ఆ సంగతి తెలిశాక పనులు చేసుకుంటూ వినలేకపోతున్నాను.

అన్నీ ఈ స్థాయిలో లేవు. ‘ఐ కాంట్ డాన్స్’ను నేను దాటేస్తాను. మధ్యలో ‘లైవ్’ అని ఇచ్చిన మెడ్లీ (పాటలు కలిపి ఒకటిగా పాడింది) నిజానికి స్టూడియోలో చేసిందే, చప్పట్లు, అరుపులు తర్వాత కలిపారు. 1968లో తన పాత బ్యాండ్ బర్డ్స్‌తో పాడిన ‘హికరీ విండ్’ను ఆయన అందులో మళ్లీ పాడారు. ఇంత మంచి పాట వెనక ఆ గోల ఎందుకో!

అప్పట్లో ఇది అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కించే బిల్‌బోర్డ్ చార్టులో 195వ స్థానం దాటలేదు. కంట్రీ రాక్ కొత్తగా వినేవాళ్లకు మాత్రం నేను మొదట ఇదే ఇస్తాను. ‘లవ్ హర్ట్స్’తో మొదలుపెట్టి, నచ్చితే మొదటి పాట నుంచి వరసగా వినండి. ఆ తర్వాత 1975లో వచ్చిన హారిస్ ఆల్బమ్ ‘పీసెస్ ఆఫ్ ద స్కై’కి వెళ్లండి. పార్సన్స్ పోయిన దుఃఖంలో ఆమె బిల్ డానాఫ్‌తో కలిసి రాసిన ‘బౌల్డర్ టు బర్మింగ్‌హామ్’ అందులోనే ఉంది.