తలసేమియా బిడ్డకి రక్తమా, బోన్ మ్యారో మార్పిడా?

ఒడిశా రాయగడలో మా వీధి పాపకి తలసేమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టుజబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఎక్కించిన రోజు పిట్టగోడ మీదే ఉంటుంది. ఇరవై రోజులు దాటితే మెట్టు మెట్టుకీ ఆగుతుంది.

రక్తం దారిలో సుఖం, ఊరు వదలక్కర్లేదు. కష్టమల్లా ఇనుముతో. ఎక్కించిన ప్రతి సంచితోనూ అది ఒంట్లో పేరుకుని గుండెనీ కాలేయాన్నీ తినేస్తుంది. అందుకే రోజూ డెఫెరాసిరోక్స్, ఆ ఇనుముని బయటికి పంపే మాత్ర. నీళ్లలో కరిగే రకమైతే పరగడుపున తాగించి, గ్లాసు అడుగున మిగిలిన సుద్దలో మళ్లీ నీళ్లు పోసి అదీ తాగించాలి. పాప మూతి తిప్పేది అక్కడే. రక్తం మానే తల్లిదండ్రులు ఉండరు, మాత్ర మానేసేవాళ్లే ఎక్కువ అని నాకనిపిస్తుంది.

బోన్ మ్యారో, అంటే రక్తం తయారుచేసే ఎముక మజ్జ, మార్పిడి కుదిరితే జబ్బే పోవచ్చు. అయితే తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరితో హెచ్ఎల్ఏ (మజ్జ సరిపోతుందో లేదో చెప్పే కణాల గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. కలిసినా ఇన్ఫెక్షన్లు, కొత్త మజ్జ నిలవకపోవడం, ప్రాణభయం కూడా ఉన్నాయి. ఖర్చు లక్షల్లో. అర్హత ఉంటే 2017లో మొదలైన కోల్ ఇండియా పథకం మార్పిడికి 10 లక్షల దాకా ఇస్తుంది. మార్పిడి చేసే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి బొకారో ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి కాట్పాడిలో దిగొచ్చు. టికెట్ సులువే, నెలల తరబడి అద్దె గది, ఇక్కడ పోయే కూలి ఏ పథకంలోనూ కనబడవు.

నన్నడిగితే, తోడబుట్టినవాళ్లది కలిస్తే మార్పిడే, అదీ కాలేయం చెడకముందే. కలవకపోతే ఆ గ్లాసు అడుగు సుద్ద కూడా వదలకూడదు. పాప తమ్ముడి రిపోర్టు ఇంకా రాలేదు.